మందు ఇచ్చిన చేతులే వాడుక కూడా నేర్పాలి

ఆ మధ్య మేము కోరుట్లలో ఒక అవ్వ ఇంటికి వెళ్లాం. వయసు అరవై దాటింది. కాపురానికి వచ్చిన నాటి నుండి చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి. రాత్రిళ్లు వెల్లకిలా పడుకుంటే దమ్ము ఆడదు గనుక గోడకు దిండు ఆనించుకుని, కూర్చునే కునుకు తీస్తుంది.

మందు వాడుతున్నావా అని అడిగితే, అరలో నుండి ఒక గుడ్డమూట తీసింది. అందులో ఇన్‌హేలర్ ఉంది. వాడి చూపించమన్నాం. నోరు తెరిచి, బెత్తెడు దూరంలో పట్టుకుని, సెంటు కొట్టుకున్నట్లు ఒకసారి నొక్కి నోరు మూసుకుంది. ఊపిరి లోపలికి పీల్చనే లేదు. మందంతా నాలుక మీదనే పడింది.

"ఎట్ల వాడాల్నో ఎవరన్న చూపెట్టిండ్రా అవ్వా?"

"చీటి రాసిచ్చిండ్రు బిడ్డా. దుకాణపాయన డబ్బ చేతిల పెట్టిండు. గంతే. గుణం కనబడ్తలేదని దమ్మొచ్చినప్పుడే కొట్టుకుంటున్న."

అలా రెండేళ్లు గడిచాయి. మందు ఉంది, డబ్బు ఖర్చయింది, జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తప్పు అవ్వది కాదు. ఆమె పక్కన అయిదు నిమిషాలు కూర్చుని నేర్పినవారు లేకపోవడమే తప్పు.

ఎందుకింత నష్టం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచమంతటా సుమారు 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసం ఉంది. ఆ ఏడు 4 లక్షల 55 వేల మంది దానితో మరణించారు. మన దేశంలో ఉన్న రోగులు సుమారు 3 కోట్ల 40 లక్షలు, అంటే ప్రపంచంలోని రోగులలో ఎనిమిదో వంతు. కాని మరణాలలో మన వంతు నూటికి నలభై పైమాటే. జబ్బు అందరికీ ఒకటే అయినా మనవారే ఎక్కువగా ఎందుకు చనిపోతున్నారు? చాలామందికి అసలు మందు అందడం లేదు, అందినవారిలో చాలామందికి వాడుక తెలియదు.

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో, పొగో, చల్లగాలో తగిలితే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని దారి ఇరుకవుతుంది. అందుకే మందులు రెండు రకాలు. ఒకటి బిగుసుకున్న గొట్టాన్ని వెంటనే సడలించేది. రెండోది వాపును తగ్గించేది, అది బాగున్న రోజు కూడా వాడవలసినది. మనవారు మొదటిదానినే నమ్ముకుంటారు, ఎందుకంటే సుఖం వెంటనే తెలుస్తుంది. వాపు మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఉపశమన మందు ఒక్కదానితోనే నెట్టుకురావడం ప్రమాదమని 2019 నుండి అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి.

మన ఊళ్ల దుమ్ము

జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో ఇంటింటా బీడీలు చుడతారు. తంబాకు నలిపినప్పుడు లేచే దుమ్ము చుట్టేవారికే కాదు, పక్కన ఆడుకునే పిల్లలకూ తగులుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య నూలు నుసి. వారపు సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుంటే, అది నూలు దుమ్ము వలన వచ్చే జబ్బు కావచ్చు. ఇక వరికోతల దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ, కట్టెల పొయ్యి, దోమల కాయిల్ అన్ని ఊళ్లలోనూ ఉన్నవే. ఎక్కడో పట్నంలో అచ్చు వేసిన కాగితంలో ఇవన్నీ ఉండవు. మన ఊరి నర్సమ్మకు మాత్రం తెలుసు. అందుకే నేర్పవలసింది ఆమె.

నేర్పేవారికి ఎవరు నేర్పాలి?

ఫిన్లాండ్ అనే చిన్న దేశం 1994లో పదేళ్ల కార్యక్రమం ఒకటి చేపట్టింది. ఆరోగ్య కేంద్రాలలో ఉబ్బసం బాధ్యత చూసేందుకు ఒక వైద్యుణ్ణి, ఒక నర్సును నియమించి శిక్షణ ఇచ్చారు. మందుల దుకాణాలవారికి కూడా నేర్పారు. ఉబ్బసంతో జనం ఆసుపత్రిలో గడిపిన రోజులు 1993లో లక్షా పదివేలు కాగా, 2003 నాటికి 51 వేలకు తగ్గాయి. ఆ కాలంలో రోగుల సంఖ్య తగ్గలేదు, ఇంకా పెరిగింది. అయినా మనుషులు తమ జబ్బును తాము చూసుకోవడం నేర్చుకున్నారు.

మన దగ్గర 2022లో జగిత్యాలలోను, 2023లో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఊళ్లలో ఏఎన్‌ఎంలు, ఆశ కార్యకర్తలు ఉన్నారు. మందుల దుకాణంలేని మండల కేంద్రం లేదు. వీరికి ఒక్క రోజు శిక్షణ ఇచ్చినా ఎంతో మేలు. ఆ ఒక్క రోజులో ఏమి నేర్పాలి?

మొదటిది, చెప్పడం కాదు, చేసి చూపి, తిరిగి చేయించడం. "అర్థమైందా?" అంటే ఎవరైనా తల ఊపుతారు. "ఏదీ, నువ్వు చేసి చూపెట్టు" అంటేనే లోపం బయటపడుతుంది. ఇన్‌హేలర్ మూత తీసి, బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, నోటితో నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. వాపు తగ్గించే మందైతే తర్వాత నోరు పుక్కిలించాలి. పొడి మందు గొట్టాలను బట్టి నెమ్మదిగా కాదు, బలంగా పీల్చాలి. ఆ గొట్టంలో వేసే క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవారు కూడా ఉన్నారు!

రెండవది, స్పేసర్. చేయి వణికే పెద్దలకు, పిల్లలకు ఇది తప్పనిసరి. కొనలేనివారికి అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా బిగిసేలా రంధ్రం చేసి వాడవచ్చునని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లో పిల్లలపై పరీక్షించి చూపారు.

మూడవది, గుర్తుపట్టడం. ప్రతి దమ్మూ ఉబ్బసం కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. బీడీ తాగేవారికి, పొయ్యి పొగలో బతికినవారికి వేరే ఊపిరితిత్తుల జబ్బు ఉండవచ్చు.

నాలుగవది, ప్రతి ఇంటికీ ఒక చీటి. రోజూ ఏ మందు, ఎక్కువైతే ఏమి చేయాలి, ఎప్పుడు పరుగెత్తాలి అన్నవి పెద్ద అక్షరాలతో అందులో రాయాలి. చదువు రానివారికి డబ్బా రంగు గుర్తు చెప్పాలి. మాట పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలబడినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా రోగిని కూర్చోబెట్టి, ఉపశమన మందు స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగుసార్లు ఇచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోగా తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్లీ ఇవ్వాలి.

భయాలు తీర్చడం

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది", "పిల్ల గొట్టం పట్టుకుంటే పెళ్లి కాదు" అనే మాటలు మన ఇళ్లలోనే వింటాం. అలవాటయ్యే మందు కాదది. దాచుకుని వాడే ఆడపిల్ల అందరిలో దమ్ము వచ్చినప్పుడు బయటికి తీయలేక ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేపమందు తీసుకునేవారూ మనలో ఉన్నారు. వారిని ఎగతాళి చేయనక్కరలేదు. రోజూ వాడే మందు మాత్రం ఆపవద్దని నచ్చజెప్పాలి. ప్రార్థన చేసేవారికి కూడా ఇదే మాట. ప్రార్థన మానవద్దు, మందూ మానవద్దు.

కోరుట్ల అవ్వకు ఆ రోజు సీసాతో నేర్పడానికి పావుగంట పట్టింది. మూడోసారికి సరిగ్గా పీల్చింది. ఏ మందు రోజూ వాడాలో వైద్యుణ్ణి అడిగేందుకు మరునాడు కోడలు తోడు వెళ్లింది. నెల తర్వాత వెళితే, దిండు గోడ దగ్గర లేదు, మంచం మీద ఉంది.

మీ సంఘంలో నర్సు గాని, మందుల దుకాణం నడిపే సహోదరుడు గాని ఉంటే, ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అరగంట అడగండి. దమ్ము ఉన్నవారిని వారి వారి డబ్బాలు వెంట తెచ్చుకోమనండి. ఒక్కొక్కరిని వాడి చూపమనండి. ఎంతమంది నాలుక మీదనే కొట్టుకుంటున్నారో మీకే తెలుస్తుంది.