నల్లమట్టి రహస్యం

కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. అక్కడ నల్లరేగడి పొలాలు చాలా ఉన్నవి. కృష్ణ దాటి వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు వెళితే ఎర్రని చెలకలు హెచ్చుగా కనిపిస్తాయి. ఈ రెండు మట్టులూ చెరొక గుప్పెడు మీ ముందు పెట్టి, "ఆకులూ పెంటా కుళ్ళిన సారం దేనిలో ఎక్కువ?" అని అడిగితే, "నల్లదానిలో" అని ఠక్కున చెబుతారు, కాదూ?

కాని రంగు చూసి మోసపోకూడదు. మన రేగడిలో కూడా ఆ సారం తాలూకు కర్బనం సాధారణంగా నూటికి ఒక పాలైనా ఉండదు. ఉన్న కాస్తా సన్నని బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుని మట్టిని నల్లగా చూపిస్తుంది.

ఆ సారాన్నే హ్యూమసు అంటారు. కొంచెమే అయినా అది నీటిని పట్టి ఉంచుతుంది. మొక్కకు కావలసిన లవణాలను దాచి ఇస్తుంది. వానలు సరిగా కురవని చోట పైరుకు అది ప్రాణం వంటిది.

ఇంతకూ హ్యూమసులో ఏమున్నది? 1786లో జర్మనీలో ఆచార్డ్ అనే శాస్త్రజ్ఞుడు, చిత్తడినేలలో కుళ్ళిన మొక్కల మన్నును క్షారంలో నానబెట్టి, నల్లని పదార్థం తీశాడు. అయితే క్షారంలో వేస్తే అసలు పదార్థమే మారిపోవచ్చును కదా! మట్టిలో కూడా అది అదే రూపంలో ఉన్నదా అని శాస్త్రజ్ఞులు నేటికీ వాదించుకుంటున్నారు.

మరి క్షారం పోయకుండా చూసే ఉపాయం లేదా? ఉన్నది. కుండ కొనేటప్పుడు మీ అమ్మ ఏం చేస్తుంది? వేలితో తట్టి, మోత విని, మంచిదో బీటవారిందో చెబుతుంది. కుండను పగలగొట్టదు. శాస్త్రజ్ఞులూ అలాగే మట్టిని చాలా బలమైన అయస్కాంతంలో పెట్టి, రేడియో తరంగాలతో తడతారు. అప్పుడు కొన్ని పరమాణువుల కేంద్రకాలు బదులు పలుకుతాయి. పక్కన ఏ పరమాణువులు ఉన్నవో, దాన్నిబట్టి వాటి పలుకు మారుతుంది. ఈ పద్ధతిని ఎన్.ఎమ్.ఆర్. అంటారు. అమెరికాలో బ్లాక్, పర్సెల్ అనే ఇద్దరు విడివిడిగా దీనిని సాధించి, 1952లో నోబెల్ బహుమతి పొందారు. హైదరాబాదు పరిశోధనశాలల్లోనూ ఇటువంటి యంత్రాలు ఉన్నవి.

పని మాత్రం సులువు కాదు. నూరు కర్బన పరమాణువుల్లో పలికేది సుమారు ఒక్కటే! పైగా చెలకను ఎర్రగా చేసే ఇనుము ఆ పలుకును చెడగొడుతుంది. అందుకని తరచు మట్టిని ముందుగా ఒక ఆమ్లంతో కడిగి, ఇనుమును తీసివేస్తారు. అందులో హ్యూమసు కొంత పోయినా, చాలా భాగం మిగులుతుంది.

ఇంత కష్టపడి విన్నదేమిటి? పచ్చి ఆకులో చక్కెర జాతి కర్బనం ఎక్కువ. కుళ్ళినకొద్దీ దానిని సూక్ష్మజీవులు తినివేస్తాయి. మైనం వంటి భాగం పాలు పెరుగుతుంది. కాల్చిన మొక్కలో బొగ్గు జాతి కర్బనం పలుకుతుంది. కాని కాల్చినప్పుడు మొక్కలోని కర్బనం చాలావరకు పొగలో పోతుంది. అంటే పత్తికట్టెకు నిప్పుపెడితే, మట్టికి దక్కవలసిన తిండి గాలిలో కలిసిందన్నమాట!

పోయిన సారం తిరిగి వస్తుందా? వస్తుంది, కాని మెల్లగా. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో ఇక్రిశాట్ సంస్థ 1976లో నల్లరేగడిలో ఒక పరీక్ష మొదలుపెట్టింది. ఒకచోట జొన్నతో కంది కలిపి వేసి, నేలను శ్రద్ధగా కాపాడారు; మరొకచోట పాత పద్ధతిలోనే సాగుచేశారు. ఇరవై ఏళ్ళు దాటాక కొలిచి చూస్తే, మొదటి నేలలోనే కర్బనం ఎక్కువగా చేరి ఉన్నది.

ఈసారి పొలానికి వెళ్ళినప్పుడు గుప్పెడు కందిఆకు మట్టిలో పాతి, గుర్తు పెట్టండి. నెలకొకసారి తవ్వి చూడండి. ఆకు ఏనాటికి మట్టిలో కలిసిపోతుందో మీకే తెలుస్తుంది.