గేరు దీపం ఆరకపోతే గేరుబాక్సు మార్చాల్సిందేనా?

ఇంట్లో ఫ్రిజ్ శబ్దం చేస్తే ముందు ప్లగ్ చూస్తాం, తర్వాత వెనక దుమ్ము చూస్తాం, ఆ తర్వాతే మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. అదే కారులో ఓ దీపం వెలిగితే మాత్రం చేతులూ కాళ్లూ ఆడవు మనకి. అందులోనూ అది గేరుబాక్సు దీపం అయితే ఇక చెప్పక్కర్లేదు. "మేడమ్, గేరుబాక్సు పోయినట్టుంది" అనే మాట వినగానే ఇంటి బడ్జెట్ మొత్తం కళ్ల ముందు తిరుగుతుంది.

ఈమధ్య మన ఆడవాళ్లలో చాలామంది క్లచ్ తొక్కే పని లేని కార్లు నడుపుతున్నారు. మన దేశంలో ఏఎంటీ అనే ఈ పద్ధతిని 2014లో మారుతి సెలెరియో చవక కార్లలోకి తెచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. అంటే మొదటి రోజుల్లో కొన్న కార్లకి ఇప్పుడు పదేళ్లు దాటాయన్నమాట. సెకండ్ హ్యాండులో చేతులు మారి మన ఇళ్లకు వస్తున్నవీ అవే. దీపాలు వెలిగే వయసు కదా మరి!

ఏఎంటీ అంటే బ్రహ్మవిద్యేం కాదండీ. లోపల ఉండేది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన కాలూ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది. దాన్ని యాక్చుయేటర్ అంటారు. చాలా కార్లలో ఓ చిన్న కరెంటు పంపు ఆయిల్‌ని ఒత్తిడితో నెడితే క్లచ్ విడుతుంది, గేరు పడుతుంది. ఎప్పుడు వెయ్యాలో కంప్యూటర్ చెబుతుంది. ఆ కంప్యూటర్‌కి అనుమానం వస్తే పళ్ల చక్రం బొమ్మలో ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతుంది. గుర్తు కారుని బట్టి మారుతుంది కాబట్టి కారుతో వచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి. తాళం తిప్పగానే దీపాలన్నీ వెలిగి కాసేపటికి ఆరిపోవడం మామూలే, దానికి కంగారు పడకండి. ఆరకుండా మిగిలిపోయిందే మన సమస్య.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లకి అక్కడి పాత టయోటా కార్లలో "ఓ/డి ఆఫ్" అని వెలగడం కనిపించే ఉంటుంది. అది నిలకడగా వెలిగితే గేరు కర్ర మీద మీట నొక్కారని అర్థం, అంతే. టపటపా కొట్టుకుంటేనే జబ్బు. పాత హోండాల్లో డి అక్షరం అలాగే కొట్టుకుంటుంది.

దీపం ఎప్పుడు వెలుగుతోందో ఒక పుస్తకంలో రాసుకోండి. పాల లెక్క రాసుకోవడం లేదూ! పొద్దున్న స్టార్ట్ చేయగానేనా, ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాకా, వాన పడ్డ మర్నాడా? వెలిగినప్పుడు బండి కదులుతోందా, ఒకే గేరులో ఇరుక్కుపోయిందా? మంచి మెకానిక్‌కి ఈ నాలుగు ముక్కలు సగం వైద్యం.

నన్నడిగితే మొదటి అనుమానం బ్యాటరీ మీదే పెట్టుకోవాలి. పంపు తిరగాలన్నా కంప్యూటర్ సరిగ్గా ఆలోచించాలన్నా కరెంటు నిండుగా ఉండాలి కదా. ఆపి ఉంచిన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. బ్యాటరీ షాపులో రెండు నిమిషాల పని ఇది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే తప్పకుండా చూపించండి. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొక్కు కడితే వంటసోడా కలిపిన వేడినీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఇంజన్ ఆపి, ముందు మైనస్ వైరు విప్పండి, బిగించేటప్పుడు దాన్నే ఆఖరున బిగించండి. చేతి గాజులూ ఉంగరాలూ తీసి పక్కన పెట్టండమ్మా, బంగారం కూడా షార్ట్ అవుతుంది!

రెండోది బ్రేకు లైటు. బ్రేకు తొక్కినట్టు కబురు అందకపోతే ఏఎంటీ బండి స్టార్ట్ అవ్వడానికీ గేరు పడడానికీ మొరాయిస్తుంది. చీకటి పడ్డాక గోడకి వెనక్కి తిప్పి పెట్టి బ్రేకు తొక్కండి, గోడ ఎర్రబడిందో లేదో అద్దంలో కనబడుతుంది. ఎర్రబడకపోతే బల్బో, పెడల్ దగ్గరి చిన్న స్విచ్చో చూడాలి.

రాత్రి కారు కింద పాత పేపరు పరిచి పొద్దున్నే చూడండి, ఆయిల్ మచ్చలు కనబడితే ఎక్కడో కారుతున్నట్టే. పూర్తి ఆటోమేటిక్ కార్లలో గేరు ఆయిల్ రంగూ వాసనా కూడా కథ చెబుతాయి. గారెలు మళ్లీమళ్లీ వేయించిన నూనెలా నల్లబడి మాడు వాసన కొడితే లోపల వేడి మీరిపోయిందని. అయితే ఏ ఆయిల్ పడితే ఆ ఆయిల్ పోయకూడదు సుమా. సీవీటీ కార్లకి వాటి ఆయిల్ వేరే. ఇక బానెట్ కింద ఎలుకలు కొరికిన వైర్లు! మన ఇళ్లలో ఇది తమాషా కాదు.

ఇవన్నీ బాగుండి కూడా దీపం ఆరలేదంటే స్కానర్ పెట్టించాలి. మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 కార్లకి ఓబీడీ 2 పద్ధతి తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి తగిలిస్తే కోడ్ నెంబరు వస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. పీ0700 అని వస్తే "గేరుబాక్సు కోడ్ వచ్చింది, మార్చాల్సిందే" అంటారు. ఆ నెంబరుకి అర్థం గేరు కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేసిందని మాత్రమే. స్కూలు నుంచి "పిల్లాడి గురించి మాట్లాడాలి, రండి" అని కబురొచ్చినట్టు. విషయమేంటో లోపలి కోడ్ చెప్పాలి. పీ0715 అంటే గేరుబాక్సులోకి వచ్చే వేగం కొలిచే సెన్సార్ వరస, పీ0720 అంటే బయటికి వెళ్లే వేగం కొలిచేదాని వరస. అప్పుడు కూడా సెన్సారే పోయిందని కాదు, దాని వైరో కనెక్టరో లూజు అయి ఉండచ్చు.

మా ఆడపడుచు వాళ్ల అత్తగారిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. ఆవిడ పాత ఏఎంటీ కారులో గేరు దీపం వెలిగితే, ఓ వర్క్‌షాపులో మూడుసార్లు కోడ్ చెరిపేసి పంపారు. నాలుగోసారి యాక్చుయేటర్ మొత్తం మార్చాలి, యాభై వేలు దాటుతుంది అన్నారట. "వదినా, కారు అమ్మేసి ఆటోలో తిప్పనా ఆవిణ్ణి?" అని ఫోన్లో ఏడ్చింది. ఓపిక ఉన్న ఇంకో మెకానిక్ కోడ్ చెరపకుండా మొత్తం చదివాడు. వోల్టేజి తక్కువ అనే కోడ్ దొరికింది. చూస్తే బాడీకి బిగించే ఎర్త్ వైరు తుప్పు పట్టింది! తుడిచి, కొత్త బోల్టు బిగించి మూడు వందలు తీసుకున్నాడు. అందుకే "ముందు చదవండి, నేను ఫోటో తీసుకున్నాకే చెరపండి" అని గట్టిగా చెప్పండి. చెరిపేస్తే తప్పు ఏ వేగంలో, ఎంత వేడిలో జరిగిందో చెప్పే సమాచారం కూడా పోతుంది.

అందరికీ మూడు వందలతో తేలుతుందని నేననను. మా పక్కింటావిడ కారుకి నిజంగానే క్లచ్ అరిగిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కుడు మీద ట్రాఫిక్ ఆగితే బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు ఆవిడది. ఏఎంటీలో అది క్లచ్‌ని మాడ్చేస్తుంది. క్లచ్ మార్చాక స్కానర్‌తో కంప్యూటర్‌కి కొత్త క్లచ్‌ని నేర్పించాలి. అది చేయకపోతే కుదుపులూ పోవు, దీపమూ మళ్లీ వెలగచ్చు. బిల్లు కట్టేముందు "లెర్నింగ్ చేశారా?" అని అడగండి.

దీపంతో పాటు మాడు వాసన వచ్చినా, ఇంజన్ అరుస్తున్నా బండి ముందుకి పోకపోయినా, వేడి గుర్తు వెలిగినా ఇంటిదాకా లాగించేద్దాం అనుకోవద్దు. పక్కకి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, పిల్లల్ని దించి రోడ్డుకి దూరంగా నిలబెట్టండి. తాడు కట్టి లాగించకుండా, బండిని పూర్తిగా పైకెక్కించుకుని తీసుకెళ్లే వాహనాన్నే పిలవండి. కారు ఒకే గేరులో నెమ్మదిగా పోతోందంటే కంప్యూటర్ గేరుబాక్సుని కాపాడుతోందని. అలాంటప్పుడు దగ్గర్లోని షెడ్డు వరకు మెల్లగా వెళ్లచ్చు గానీ హైవే ఎక్కకండి.

ఏది మార్చినా పాత సామాను అడిగి తీసుకోండి. బిల్లు మీద కోడ్ నెంబరు రాయించుకోండి. మళ్లీ అదే దీపం వెలిగితే ఆ కాగితం పట్టుకునే మాట్లాడచ్చు.