కోసుకుపోయిన వాగు గట్టు మళ్ళీ ఎలా నిలబడుతుంది?

అమెరికా పశ్చిమాన, వాన అతి తక్కువగా కురిసే నెవాడా రాష్ట్రంలో, పశువుల పెంపకమే జీవనాధారమైన కొన్ని కుటుంబాలు తమ మేత భూముల్లో పారే వాగుల గట్లను తిరిగి నిలబెట్టే పని చేపట్టాయి. ఎల్కో ప్రాంతంలోని సూసీ క్రీక్ అటువంటి వాగులలో పేరుపడినది.

గట్టు ఎందుకు కోతకు గురవుతుంది? మండు వేసవిలో పశువులు నీటినీ నీడనూ వదలక ఒడ్డునే ఉండిపోయి, విల్లో అనే నీటి ఒడ్డు పొదల చిగుళ్లను మేసి, తడి మట్టిని గిట్టలతో తొక్కివేయడం వల్ల, నేలను పట్టి ఉంచే వేళ్లు నశిస్తాయి. అప్పుడు ప్రవాహం పక్కలనే కాక అడుగును కూడా తొలుస్తుంది. వాగు లోతుకు దిగినకొద్దీ, నేలలోపల నీరు నిండి ఉండే పై హద్దు, అంటే భూగర్భ జలమట్టం, దానితోపాటే పడిపోయి, పక్కనున్న పచ్చికబయలు ఎండిపోతుంది.

రాతి గోడ కడితే చాలదా అన్న ప్రశ్న సహజమే కాని, గోడ వద్ద వేగం తగ్గని నీరు దిగువ గట్టును కోయవచ్చు. 1990ల నుంచి సూసీ క్రీక్ వెంట మేపే కాలాన్నే మార్చి, మండు వేసవిలో మందను ఒడ్డుకు దూరంగా ఉంచడంతో, తుంగజాతి గడ్డి, విల్లో తిరిగి పెరిగాయి. వరదలో అవి వంగి ప్రవాహ వేగాన్ని తగ్గించగా, నీరు మోసుకువచ్చిన ఒండ్రు అక్కడే నిలిచి గట్టు పొరలుపొరలుగా పెరుగుతుంది. పొదలు పెరిగాక బీవర్లు, అనగా కొమ్మలతో, మట్టితో ఆనకట్టలు కట్టే పెద్ద ఎలుకజాతి జంతువులు, పిలవకుండానే వచ్చాయి. పశుపాలకులలో చాలామంది ఒకప్పుడు వీటిని కాలువలు పాడుచేసే బెడదగానే చూశారన్నది గమనార్హం. వాటి మడుగులలో నిలిచిన నీరు నేలలోకి ఇంకి, జలమట్టాన్ని పైకి తెచ్చి, వానలేని నెలల్లో మెల్లగా ఊరుతూ వాగులోకి చేరుతుంది.