ఆరు ఉండవలసిన చోట అయిదు

సైన్యములో ప్రత్యేక దళములని కొన్ని ఉంటాయి. వేలమందితో ఎదురెదురుగా నిలిచి చేసే యుద్ధము వీరి పని కాదు. కొద్దిమంది చీకటిలో శత్రువు గడప దాకా వెళ్లి, అప్పగించిన ఒక్క పని ముగించుకొని వెనక్కి రావాలి. కావలసినంత సమాచారము ఉండదు, ఆలోచించుకొనే వ్యవధి ఉండదు, తప్పు జరిగితే దిద్దుకొనే వీలు అసలే ఉండదు. అందుకే నాయకత్వమును గూర్చి, నిర్ణయములను గూర్చి వీరి నుండి నేర్చుకోవచ్చునని చాలామంది పుస్తకములు రాశారు. వాటిలో ఎక్కువగా కనబడేవి గెలుపు కథలు. మేము ఓడిపోయిన కథ ఒకటి ఎంచుకున్నాము. పని మొదలుపెట్టడము మనలో ఎవరికీ అంత కష్టము కాదు. డబ్బు పోసి, నలుగురికి చెప్పుకొని, సగము దూరము వచ్చేసిన తరువాత “ఇక ఆపుదాము” అనడమే కష్టము. ఈ కథలో ఉన్నది ఆ కష్టమే. యుద్ధమును పొగడడము మా ఉద్దేశము కాదని పాఠకులు గ్రహించగలరు.

1979 నవంబరు 4న ఇరాన్ రాజధాని టెహరానులో విద్యార్థులు గుంపుగా అమెరికా రాయబార కార్యాలయములో ప్రవేశించి అక్కడ పనిచేసేవారిని బందీలుగా పట్టుకున్నారు. కొందరిని కొద్ది రోజులకే విడిచిపెట్టారు గాని, 50 మంది ఆ కార్యాలయములోను, ముగ్గురు ఇరాన్ విదేశాంగ శాఖ భవనములోను చిక్కుబడిపోయారు. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టరు. ఈయన జార్జియా రాష్ట్రములో ప్లెయిన్స్ అనే చిన్న ఊరివాడు. నౌకాదళములో అధికారిగా పనిచేసి, తండ్రి పోయిన తరువాత ఇంటికి వచ్చి వేరుశనగ సేద్యము, విత్తనముల వ్యాపారము చూసుకున్నవాడు. ఆదివారపు బడిలో పాఠము చెప్పడము తొంభై ఏళ్లు దాటినా మానలేదు. 2024 డిసెంబరులో, 100 ఏళ్ల వయస్సులో మరణించారు.

అయిదు నెలలు మాటలతో గడిచాయి. బందీలు రాలేదు. 1980 ఏప్రిల్ 11న కార్టరు తన సలహాదారులను కూర్చోబెట్టి, సైనికులను పంపి విడిపించుకొని రావాలని నిర్ణయించారు. ఆ రోజు విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్ విశ్రాంతికై ఊరు వెళ్లి ఉన్నారు. ఈ ప్రయత్నమును గట్టిగా కాదనగలిగిన పెద్దమనిషి ఆయనే. తిరిగి వచ్చి సంగతి విని, ఇది వద్దని అధ్యక్షునికి చెప్పారు. ఆయన మాట వినడానికి మళ్లీ సమావేశము పెట్టారు, అందరూ విన్నారు, నిర్ణయము మాత్రము మారలేదు. పని జయించినా, జయించకపోయినా తాను పదవి విడిచిపెడతానని వాన్స్ ముందే తెలియజేసి, ఆ రాత్రి గడిచేదాకా బయట ఒక్క మాట కూడా పొక్కనీయలేదు. కాదనవలసినవాడు లేనప్పుడు తీసుకున్న నిర్ణయమును, అతడు వచ్చాక తిరిగి తూచడము ఎంత కష్టమో మన పెద్దల సమావేశములలో కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

పన్నిన ఉపాయము ఇది. అరేబియా సముద్రములో నిలిచిన నిమిట్జ్ అనే విమానవాహక నౌక నుండి 8 హెలికాప్టర్లు బయలుదేరుతాయి. సైనికులను, ఇంధనమును మోసుకొని 6 పెద్ద విమానములు వేరొక దారిన వస్తాయి. రెండు గుంపులూ టెహరానుకు ఆగ్నేయముగా సుమారు 320 కిలోమీటర్ల దూరములో, నడి ఎడారిలో కలుసుకోవాలి. ఆ చోటికి ‘డెసర్ట్ వన్’ అని పేరు పెట్టారు. అక్కడ హెలికాప్టర్లు ఇంధనము నింపుకొని, సైనికులను ఎక్కించుకొని టెహరాను దగ్గరి కొండలలో దాచాలి. పగలంతా దాగి ఉండి, రెండవ రాత్రి లారీలలో పట్టణములోనికి వెళ్లి, బందీలను విడిపించి, ఎదుటి క్రీడామైదానములో హెలికాప్టర్లు ఎక్కి బయటపడాలి. ఎన్ని ముళ్లు వేశారో చూడండి. ఏ ఒక్క ముడి జారినా మిగిలినవి నిలవవు.

దళమునకు నాయకుడు కర్నల్ చార్లెస్ బెక్విత్. వియత్నాములో తుపాకీ గుండు తగిలి చావు దాకా వెళ్లి వచ్చినవాడు. డెల్టా దళమును స్థాపించినవాడు. వెనుకడుగు వేసే స్వభావము కాదు. బయలుదేరేముందు లెక్కలు వేసి ఒక సంఖ్య నిశ్చయించుకున్నారు. మనుషులను, సామగ్రిని మోయడానికి కనీసము 6 హెలికాప్టర్లు పనిచేసే స్థితిలో ఉండాలి. 8 పంపుతున్నాము గనుక రెండు చెడిపోయినా ఫరవాలేదు. డెసర్ట్ వన్‌లో 6 కంటే తక్కువైతే తిరిగి రావలసినదే. చల్లని గదిలో, బల్ల ముందు కూర్చొని, ఎవరి ప్రాణమూ ఇంకా తరాజులో లేనప్పుడు అనుకున్న మాట ఇది.

ఏప్రిల్ 24 రాత్రి ఎనిమిదీ బయలుదేరాయి. కొంత దూరము వెళ్లాక ఒకదాని రెక్కలో పగులు ఉన్నదేమోనని హెచ్చరిక దీపము వెలిగింది. దానిని ఎడారిలో దింపి విడిచిపెట్టి, అందులోనివారు మరొక హెలికాప్టరు ఎక్కారు. మిగిలినవి ముందుకు పోగా సన్నని ధూళి మేఘమొకటి అడ్డము వచ్చింది. గాలిదుమారము కాదు, గాలిలో వేలాడే పిండి వంటి మట్టి. లోపల వేడి, బయట ఏమీ కనబడదు. ఒక హెలికాప్టరులో దారి చూపే పరికరములు చెడిపోయి, దానిని నడిపేవాడు ఇక లాభము లేదని నౌకకు తిరిగిపోయాడు. మిగిలిన ఆరు ఒకదాని వెంట ఒకటి ఆలస్యముగా చేరాయి. చివరిది దాదాపు గంటన్నర ఆలస్యము.

అక్కడ విమానములు దిగగానే అనుకోని సంగతులు జరిగాయి. నలభై మందికి పైగా ప్రయాణికులతో ఒక బస్సు ఆ దారిన వచ్చింది. వారిని దింపి కాపలాలో ఉంచవలసి వచ్చింది. వెనుకనే ఇంధనపు లారీ ఒకటి రాగా దానిని పేల్చివేశారు. అది మండుతూ చుట్టూ పగటి వెలుగు చేసింది. అయినా ఎవరూ ఆగుదామనలేదు. అప్పుడు తెలిసింది, వచ్చిన ఆరింటిలో ఒకదానికి హైడ్రాలిక్ యంత్రము చెడిపోయిందని. బాగుచేయడానికి అక్కడ సామాను లేదు.

మిగిలినవి అయిదు.

అయిదుతో వెళ్లడానికి వీలుంటుందా అని పైనుండి రేడియోలో బెక్విత్‌ను అడిగించారు. ఆ మాట వినడానికి చిన్నదే. వందకు పైగా మనుషులు నెలల తరబడి ఈ ఒక్క పనికే సాధన చేశారు. టెహరాను ఇంకెంతో దూరము లేదు. 53 మంది ఎదురు చూస్తున్నారు. అంతా కలిపి ఒక్కటే తక్కువ. కాని అయిదుతో వెళ్లాలంటే కొందరు సైనికులను దింపివేయాలి. ప్రతివానికీ ఒక పని కేటాయించి ఉండగా ఎవరిని దింపాలి? రేపు ఇంకొకటి చెడిపోతే బందీలను ఎందులో ఎక్కించాలి? బెక్విత్ వీలుకాదన్నారు. ఆ మాట వాషింగ్టనుకు చేరింది. వేల మైళ్ల దూరములో ఉన్న కార్టరు, అక్కడున్న నాయకుని మాట ప్రకారమే కానిమ్మన్నారు.

మా దృష్టిలో ఈ కథకు గుండెకాయ ఇక్కడ ఉన్నది. బెక్విత్ ఆ రాత్రి కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. అలసిపోయి, సిగ్గుతో, యంత్రముల రొదలో నిలబడి ఉన్న బెక్విత్, అంతకు ముందు నిదానముగా ఆలోచించిన బెక్విత్ మాటకు కట్టుబడ్డాడు, అంతే. మన మెట్ట పొలములలో బోరు వేయించే రైతును తలచుకోండి. బండి వచ్చి దిగుతుంది. 200 అడుగులకు పొడి దుమ్ము, 300 అడుగులకూ అదే. చుట్టూ ఊరివాళ్లు నిలబడి “ఇంకో నూరు దింపించు, ఇంత చేసి ఇప్పుడు ఆపుతావా” అంటారు. అడుగుకు ఇంత అని లెక్క పెరుగుతూనే ఉంటుంది. ఆ క్షణములో ఎక్కడ ఆపాలో తెలుసుకోగల మనిషి ఎవడూ లేడు. ముందు రాత్రే ఇంట్లో భార్యతో, ఎదిగిన కొడుకుతో కూర్చొని “ఇన్ని అడుగులు, అంతకు మించి లేదు” అని అనుకొని ఉంటే, మరునాడు ఆ మాట గుర్తుచేయడానికి పక్కన ఒకరైనా ఉంటారు. ఆడపిల్ల పెళ్లికి చేసే అప్పు కూడా ఇటువంటిదే.

అయితే ఆ రాత్రి ఇంకా ముగియలేదు. మంచి నిర్ణయము తీసుకున్నంత మాత్రాన మంచి ఫలితము వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తిరుగు ప్రయాణమునకు చోటు మార్చుకుంటూ ఒక హెలికాప్టరు గాలిలోనికి లేచింది. కింది నుండి ధూళి ఎగసి నడిపేవానికి ఏమీ కనబడలేదు. అది పక్కకు జరిగి ఇంధనము నిండిన విమానమును ఢీకొన్నది. రెండూ మండిపోయాయి. 8 మంది చనిపోయారు: అయిదుగురు వాయుసేనవారు, ముగ్గురు మెరైన్లు. బ్రతికినవారు మిగిలిన విమానములు ఎక్కి, మృతదేహములను, అయిదు హెలికాప్టర్లను అక్కడే వదిలి రావలసి వచ్చింది.

మరునాడు ఉదయము 7 గంటలకు కార్టరు టెలివిజనులో ప్రజల ముందుకు వచ్చారు. ప్రయత్నము చేయాలన్నది తన నిర్ణయమేనని, ఆపివేయాలన్నదీ తన నిర్ణయమేనని, బాధ్యత పూర్తిగా తనదేనని చెప్పారు. యంత్రము చెడిందనవచ్చు, ధూళి వచ్చిందనవచ్చు, కర్నల్ వద్దన్నాడనవచ్చు. ఒక్కటీ నిజము కాకపోలేదు. నిజములోనే సాకులు దొరికినప్పుడు వాటిని వదులుకోవడము మామూలు సంగతి కాదు. బెక్విత్ రాసుకున్న ప్రకారము, ఇది చెడితే తప్పు సైనికులది కాదు, నాదేనని వారికి చెప్పుమని కార్టరు బయలుదేరేముందే చెప్పి పంపారు. ఓడిన తరువాత చెప్పే మాటకంటే ముందుగా చెప్పిన ఆ మాటకే మేము ఎక్కువ విలువ ఇస్తాము. నింద పడుతుందేమోనన్న భయము లేనందుననే కదా బెక్విత్ ఆ రాత్రి ఉన్నది ఉన్నట్లు చెప్పగలిగాడు. ఇంట్లో తండ్రికి కోపము ఎక్కువైతే పిల్లలు నష్టము కబురు ఆలస్యముగా చెబుతారు.

వాన్స్ రాజీనామా ఏప్రిల్ 28న బయటికి వచ్చింది. ఆయన ఎవరినీ ఎగతాళి చేయలేదు.

తరువాత అడ్మిరల్ జేమ్స్ హాలోవే అధ్యక్షతన విచారణ జరిగింది. ఆ సంఘము 23 అంశములను పరిశీలించి, ఆగస్టులో తన నివేదిక ఇచ్చింది. శిక్షించడానికి ఒక మనిషిని వెదకడము మీద కాక, ఎక్కడ ఎట్లు చెడిందన్నదాని మీదనే దృష్టి పెట్టింది. ఇంకా ఎక్కువ హెలికాప్టర్లు పంపవలసిందని చెప్పింది. పదాతి సైన్యము, వాయుసేన, నౌకాదళము, మెరైన్లు, నాలుగు శాఖలవారు ఆ ఎడారిలో పనిచేశారు. అందరూ కలిసి మొదటి నుండి చివరి దాకా పూర్తి అభ్యాసము ఒక్కసారి కూడా చేయలేదని తేల్చింది. రహస్యము కాపాడాలని ఎవరికివారిని వేరుగా ఉంచారు. వాతావరణము తెలిసినవారు హెలికాప్టర్లు నడిపేవారితో నేరుగా మాట్లాడనే లేదు.

ఇందులో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి వెనుదిరిగిన హెలికాప్టరుది. అది ధూళి మేఘమును దాదాపు దాటవచ్చింది. అవతల డెసర్ట్ వన్‌లో ఆకాశము నిర్మలముగా ఉన్నది. రేడియోలో మాట్లాడకూడదన్న నియమము వలన ఆ సంగతి నడిపేవానికి చేరలేదు. తెలిసి ఉంటే అతడు ముందుకే వచ్చేవాడు. అతడు వచ్చి ఉంటే ఆరు ఉండేవి. రహస్యము శత్రువు నుండి దాచాలి గాని, పని చేసే సొంత మనిషి నుండి దాచితే ఏమవుతుందో ఇక్కడ తెలుస్తున్నది. అప్పు ఎంత ఉన్నదో ఇంటి ఇల్లాలికి చెప్పని గృహస్థులు మనలో ఎందరో! ఆమె కంగారు పడుతుందని దాస్తారు. ఆమె చేతిలో ఉన్న పొదుపు డబ్బు సంగతి వారికీ తెలియదు.

ఆ నివేదికను బీరువాలో పెట్టి తాళము వేయలేదు. రాత్రివేళ ప్రత్యేక దళములను చేరవేయడానికే హెలికాప్టర్ల దళమును 1981లో ఏర్పరిచారు. 1987లో అన్ని శాఖల ప్రత్యేక దళములను ఒక్క అధికారము కిందికి తెచ్చారు. 2011 మే నెలలో పాకిస్తానులోని అబ్బొట్టాబాదులో ఒసామా బిన్ లాదెన్ ఇంటిమీదికి రెండు హెలికాప్టర్లు వెళ్లినప్పుడు, మొదటి నిమిషములలోనే ఒకటి ప్రహరీ లోపల కూలబడింది. అభ్యాసము చేసిన చోట ఇనుప వల కంచె ఉండేది. ఇక్కడ ఎత్తయిన గోడలు. ఎవరికీ ప్రాణాపాయము కలుగలేదు. సైనికులు దిగి పని కొనసాగించారు. అంతకు ముందే అదనముగా పెద్ద హెలికాప్టర్లను దూరములో సిద్ధముగా ఉంచారు గనుక అందులో ఒకటి వచ్చి వారిని ఎక్కించుకొని వెళ్లింది. ఒకటి కూలితే ఏమి చేయాలన్న ప్రశ్న ఆ రాత్రి కొత్తగా పుట్టినది కాదు. 31 సంవత్సరముల క్రితము ఎడారిలో 8 మంది ప్రాణములతో దాని ఖరీదు కట్టారు.

ఇక బందీల సంగతి. ఆ ప్రయత్నము తరువాత వారిని విడదీసి వేరువేరు ఊళ్లలో దాచారు. జబ్బుపడిన ఒకరిని ఆ జులైలో విడిచిపెట్టారు. నవంబరులో ఎన్నికలు వచ్చాయి; కార్టరు ఓడిపోయారు. అయినా మాటల ద్వారా విడిపించే పని ఆయన చివరి రోజు దాకా మానలేదు. 1981 జనవరి 20న, 444 రోజుల తరువాత, కొత్త అధ్యక్షుడు ప్రమాణము చేసిన కొద్ది నిమిషములకే 52 మందీ ఇరాన్ నుండి ప్రాణములతో బయలుదేరారు. మరునాడు పదవి లేని కార్టరు వారిని చూడడానికి జర్మనీలోని వీస్బాడెన్ ఆసుపత్రికి వెళ్లారు. అందరూ ఆయనను ఆదరముగా చూడలేదు. ఎందుకు ఇన్నాళ్లు పట్టిందని కొందరు కోపముగా అడిగారు. ఆయన అక్కడే ఉండి వారి ప్రశ్నలకు జవాబులు చెప్పారు.