ఫుడ్ ఫారెస్ట్: ఇసుక నేలలోనూ ఏడాదంతా పంట.. శ్రీహరికోట అడవి చెప్పే కిటుకు ఇదే!

ఎవరూ దున్నలేదు. ఎరువు వేయలేదు. మోటారు పెట్టి నీళ్లు పారించలేదు. అయినా సూళ్లూరుపేట పక్కనే ఉన్న శ్రీహరికోటలో ఇసుక నేల మీద దట్టమైన అడవి పెరిగింది. రాకెట్ కేంద్రం రాకముందు అక్కడి యానాదులు ఆ అడవి దుంపలు, పండ్లు, తేనె మీదే ఆధారపడి బతికేవారు. ఇదే పద్ధతిలో తోట పెంచితే దాన్నే ఫుడ్ ఫారెస్ట్ అంటారు. అదెలాగో చూద్దాం.

అసలేంటీ పద్ధతి?

అడవిలో మొక్కలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. పైన పెద్ద చెట్లు, కింద చిన్న చెట్లు, పొదలు, తీగలు, నేలలో దుంపలు. ఒకదాని ఎండ ఇంకొకటి లాక్కోదు. రాలిన ఆకు నేలను కప్పి తడి ఆరిపోకుండా కాపాడుతుంది, కుళ్లాక అదే ఎరువవుతుంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ హార్ట్ ఏడంచెల అడవి తోట పెంచారు. ఆయనకు కేరళ పెరటి తోటలు స్ఫూర్తి. మన దగ్గర సుభాష్ పాలేకర్ ఐదంచెల సాగును ప్రచారం చేశారు. ఏపీలో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి సాగులోనూ నేలను ఎప్పుడూ పచ్చగా కప్పి ఉంచడమే కీలకం. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అవార్డు కూడా దక్కింది.

ఏం నాటాలి?

పై అంచెలో కొబ్బరి, మామిడి, నేరేడు. మధ్యలో సపోటా, జామ, సీతాఫలం. ఖాళీల్లో మునగ, బొప్పాయి, అరటి. కింద కంది, పసుపు, చేమ, ఆకుకూరలు. గట్టు మీద గిరిపుష్పం. దాని కొమ్మలు నరికి మొక్కల మొదట్లో వేస్తే చాలు, నేలకు నత్రజని అందుతుంది.

డబ్బులు ఎప్పుడొస్తాయి?

మామిడి కోసం నాలుగైదేళ్లు ఆగాల్సిందే. కానీ ఆకుకూరలు నెల రోజుల్లో చేతికొస్తాయి. మునగ, బొప్పాయి ఏడాదిలోపే కాపుకొస్తాయి. రెండు, మూడేళ్లకు జామ మొదలవుతుంది. తుపానుకు ఒక పంట పోయినా ఇంకోటి నిలబడుతుంది. చిన్న రైతుకు అసలు ధీమా ఇదే.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

పులికాట్ సరస్సుకు దగ్గర్లో బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు. ముందు నీళ్లు, మట్టి పరీక్ష చేయించాలి. ఉప్పు నీళ్లకు అరటి తట్టుకోలేదు. కొబ్బరి, సపోటా కాస్త నయం.

గాలివానకు బొప్పాయి, మునగ ఇట్టే విరిగిపోతాయి. తూర్పు వైపు సరుగుడు వరుస వేస్తే గాలి వేగం తగ్గుతుంది.

ఈ తీరంలో ఎక్కువ వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకే. ఎండాకాలంలో గుంతలు తీసి, పశువుల ఎరువు నింపి, వానలు మొదలయ్యేసరికి మొక్కలు నాటేయాలి.

మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం నీళ్లు తప్పనిసరి. నీడ పెరిగి, ఆకు పొర మందంగా పడ్డాక ఆ అవసరం తగ్గుతూ వస్తుంది.

మరీ దగ్గర దగ్గరగా నాటితే అసలుకే మోసం. నీడ ఎక్కువై జామ, మామిడి కాయవు. ఏటా కొమ్మలు కత్తిరించాలి.

ఎకరాలే అక్కర్లేదు. ఇంటి వెనక రెండు సెంట్ల జాగా ఉన్నా మొదలుపెట్టొచ్చు. రాలిన ఆకును మాత్రం తగలబెట్టకండి. తోటకు అసలు పెట్టుబడి అదే!