సిలిండర్ గ్యాస్ నేలమీదే ఎందుకు పారుతుంది?

చలికాలం సహరీ వేళ. వికారాబాద్‌లో అనంతగిరి వైపు నుంచి చలిగాలి. స్టవ్ మీద పెద్ద హండీ ఉంది, మంట మాత్రం సన్నబడుతోంది. సిలిండర్ ఊపితే లోపల ఇంకా ద్రవం కదులుతోంది. తక్కువ నింపారని ఏజెన్సీ వాళ్లను తిట్టుకునేవారూ ఉంటారు. కొన్నిసార్లు అసలు సంగతి ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో, ఆల్కేన్ల పాఠంలో దొరుకుతుంది.

వంటగ్యాస్‌లో ముఖ్యంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. రెండూ ఆల్కేన్లే, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న గొలుసులు. గొలుసు పొడవు పెరిగే కొద్దీ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఒక్క కార్బన్ ఉన్న మీథేన్ మైనస్ 161 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూడున్న ప్రొపేన్ మైనస్ 42 దగ్గర, నాలుగున్న బ్యూటేన్ దాదాపు సున్నా దగ్గర. గొలుసు ఇంకా పెరిగితే కిరసనాయిలు లాంటి ద్రవాలు, ఆపైన కొవ్వొత్తి మైనం. (నాలుగు కార్బన్లే ఉన్నా, కొమ్మ ఉన్న ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గరే మరుగుతుంది. పరీక్ష రాసే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.)

సిలిండర్‌లో ప్రొపేన్ ముందు ఎక్కువగా ఆవిరైపోతుంది, అడుగున బ్యూటేన్ పాలు పెరుగుతుంది. ఆవిరయ్యేటప్పుడు ద్రవం తన వేడినే ఖర్చుచేసి ఇంకా చల్లబడుతుంది. అందుకే చలిలో పెద్ద మంట పెడితే ఒత్తిడి పడిపోతుంది. అలాగని సిలిండర్‌ను వేడినీళ్లలో పెట్టడం, పక్కన నిప్పు పెట్టడం చాలా ప్రమాదం. కాసేపు స్టవ్ ఆపితే చాలు, గది వేడికి కొంత కోలుకుంటుంది.

అసలు భయపడాల్సిన గుణం బరువు. గాలి సగటు అణుభారం 29, ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. లీకైన గ్యాస్ పైకి పోదు. తాండూరు ఇళ్లల్లో నాపరాయి బండల మీద నీళ్లు పారినట్టే నేల వెంట పాకి, మూలల్లో, గుంటల్లో నిలుస్తుంది. పైన ఒక్క కిటికీ తెరిస్తే సరిపోదు, తలుపు కూడా బార్లా తెరవాలి. ఈ గ్యాస్‌కు సొంత వాసన దాదాపు లేదు, ఆ ఘాటు కోసమే మెర్కాప్టన్ కలుపుతారు.

సహరీకి నిద్రమత్తులో లేచి ముందు లైటు వేయడం అందరికీ అలవాటు. వాసన వస్తే మాత్రం స్విచ్ ముట్టుకోవద్దు, ఫ్యాన్ కూడా వేయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, పిల్లల్ని బయటికి పంపి, బయటికొచ్చాకే 1906కు ఫోన్ చేయాలి.