పొగరాని పొయ్యికి పొగ ఎందుకు వస్తున్నట్లు?

వరంగల్: పొగరాని పొయ్యి వేయించుకున్నా కళ్ల నీళ్లు తప్పడం లేదని వాపోయే ఇల్లాళ్లు జిల్లా పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. గొట్టం ఉన్నది, కన్నాలు రెండున్నవి, పొయ్యి కొత్తది. పొగ మాత్రం పాతదే. విసిగిపోయి పొయ్యిని గడ్డపారతో పగులగొట్టి అదే చోట మూడు రాళ్లు పెట్టుకున్నవారు కొందరైతే, గొట్టం ఊడదీసి పెరట్లో పారవేసిన వారు మరికొందరు. ఈ పొయ్యిలన్నీ ఇంతేనన్న మాట మాత్రం ఊళ్లో నిలిచిపోయింది.

నిజానికి ఇందులో పొయ్యి తప్పు కొంతే. కట్టినవారు చెప్పకపోవడం, వాడేవారికి తెలియకపోవడం అంతకంటే ఎక్కువ.

గ్యాసు వచ్చిన తర్వాత ఇంకా కట్టెల పొయ్యి సంగతి దేనికని పట్నం వారికి అనిపించవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం కింద పేద ఇళ్లకు గ్యాసు కనెక్షన్లు వచ్చిన మాట వాస్తవం. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం 500 రూపాయల సిలిండర్ పథకాన్ని మొదలుపెట్టింది. అయితే సిలిండర్ ఉన్న ఇంట్లో కూడా స్నానాల నీళ్లు కాగేది పెరటి పొయ్యి మీదే. బర్రెలకు ఉలవలు ఉడికేది అక్కడే. జొన్నరొట్టె, సంక్రాంతి సకినాలు కట్టెల మంట మీద చేసుకునే ఇళ్లు ఎన్నో. పత్తి ఏరిన తర్వాత చేనులో మిగిలే కట్టె ఊరికే వస్తుండగా సిలిండర్‌ను పొదుపుగా వాడుకోవాలని ఎవరికుండదు? కనుక గ్యాసు ఉన్న ఇంటికీ కట్టెల పొగతో బాకీ తీరలేదు.

ఆ బాకీ చిన్నది కాదు. వంటింటి పొగ వల్ల కలిగే జబ్బులతో 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ల లోపు పిల్లలే. తల్లి చంకలో, తల్లి వీపున ఉన్న పసివాడు ఆమె పీల్చే పొగనే పీలుస్తాడు. న్యుమోనియా మొదట పట్టేది ఆ పసివాళ్లనే. పెద్దవారికి ఆయాసం, కంటి శుక్లాలు ఏళ్ల మీద వస్తాయి. మెల్లగా వస్తాయి కాబట్టి పొయ్యి మీద ఎవరికీ అనుమానం రాదు.

హైదరాబాదులోనే పుట్టిన ఆలోచన

పొగరాని పొయ్యి విదేశాల నుంచి దిగుమతి అయిన వస్తువని చాలామంది అనుకుంటారు. వరంగల్లు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు ఇటువంటి మట్టి పొయ్యిని రూపొందించారు. కోట్లాది ఇళ్లకు పొగలేని వంటిల్లు అన్న ఉద్దేశంతో 1953లో ఆయన ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం కూడా వెలువరించారు. ఒకే మంటతో వరుసగా కుండలు కాగాలి, మిగిలిన పొగ గొట్టం గుండా ఇంటి పైకి పోవాలి. సూత్రం అంతే. ఇంట్లో దొరికే మట్టితోనే కట్టుకోవచ్చు.

తర్వాత 1983-84లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మెరుగైన పొయ్యిల కార్యక్రమం చేపట్టింది. 2002లో దాన్ని నిలిపివేసేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేసినట్లు లెక్క తేలింది. లెక్క ఘనమైనదే. కానీ ఎన్ని వేశారన్నది చూసుకున్నంతగా, ఎన్ని వెలుగుతున్నాయన్నది చూసుకోలేదన్న విమర్శ వచ్చింది. పొయ్యి కావాలని సంతకం పెట్టింది మగవారు, వండవలసింది ఆడవారు. కొలతలు ఎందుకు ఆ విధంగా పెట్టారో ఆమెకు చెప్పినవారు తక్కువ. అపోహలకు బీజం పడింది అక్కడే.

గొట్టం ఉంటే చాలదు

గొట్టం ఒకటి ఉంటే పొగ దానంతట అదే పోతుందన్నది అన్నింటికంటే పెద్ద అపోహ. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. అది పోతూ పోతూ పొయ్యి మూతి నుంచి కొత్త గాలిని లోనికి ఈడ్చుకుంటుంది. గొట్టం ఎంత నిలువుగా, ఎంత ఎత్తుగా ఉంటే ఆ ఈడ్పు అంత బాగా ఉంటుంది. కానీ జరుగుతున్నది ఏమిటి? గూనపెంకులు తీయవలసి వస్తుందని, వాన కురుస్తుందని గొట్టాన్ని గోడలో నుంచి అడ్డంగా బయటికి తీసి చూరు కిందనే వదిలివేస్తున్నారు. చూరు కింద గాలి సుడి తిరిగి పొగను మళ్లీ ఇంట్లోకే నెడుతుంది. గొట్టం ఇంటి కొప్పు కంటే కనీసం రెండడుగులు పైకి లేవాలి. పైన వాన పడకుండా టోపీ ఉండాలి. ఆ టోపీకీ గొట్టానికీ నడుమ గాలి ఆడాలి.

గడ్డి కప్పిన ఇళ్లలో గొట్టం వల్ల ఇల్లు అంటుకుంటుందన్న భయం ఉంది. దీన్ని వట్టి అపోహ అని కొట్టివేయడానికి లేదు. గొట్టం గడ్డికి ఆనుకొని ఉంటే ప్రమాదమే. గొట్టం చుట్టూ జానెడు మేర గడ్డి తీసివేసి, ఆ చోట రేకు గానీ అడుగు తీసిన కుండ గానీ తొడగాలి. లోపల మసి పేరుకుంటే ఆ మసి కూడా అంటుకుంటుంది. నెలకొకసారైనా పొడుగాటి వెదురు కర్రకు గోనెగుడ్డ చుట్టి గొట్టం దులపాలి. నాలుగైదు నెలలు దులపని గొట్టం సగం పూడిపోయినా ఆశ్చర్యం లేదు. అప్పుడు పొగ వంటింట్లోకి కాక ఎక్కడికి పోతుంది? సిమెంటు రేకుల రకం పాత గొట్టాలున్న ఇళ్లలో వాటిని రంపంతో కోయడం, పగులగొట్టడం చేయరాదు. ఆ రకంలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఖాళీ కన్నం, తవ్విన మూతి

రెండు కన్నాల పొయ్యి మీద ఒకే కుండ పెట్టి రెండో కన్నం తెరిచి ఉంచడం మామూలైపోయింది. పొగకు గొట్టం దాకా పోవలసిన పని ఏముంది, దగ్గరి దారినే బయటికి వస్తుంది. రెండో కన్నం మీద నీళ్ల గిన్నె పెట్టాలి, లేదా మూత వేయాలి. ఊరికే కాగే ఆ నీళ్లు స్నానానికో, అంట్లకో పనికివస్తాయి కూడా. కుండ అడుగు కన్నానికి అతికినట్లు కూర్చోవాలి. చిన్న గిన్నె అయితే సందుల్లోంచి పొగ, పెద్ద గుండిగ అయితే దాని బరువుకు పొయ్యి అంచులు విరగడం.

లావు మొద్దులు పట్టడం లేదని మూతిని గొడ్డలితో పెద్దది చేసుకోవడం మరొక పొరపాటు. మూతి పెద్దదైతే ఈడ్పు చచ్చిపోతుంది. రెండో కన్నం కింద ఎత్తుగా ఒక మట్టి దిమ్మె ఉంటుంది. వెనక్కు పోయే మంటను కుండ అడుగుకు తాకించేది అదే. బూడిద తీసేటప్పుడు అడ్డమొస్తున్నదని దాన్ని చెక్కివేసిన ఇళ్లున్నాయి. ఆ తర్వాత వెనక కుండ కాగడం లేదని ఫిర్యాదు! మంట ఆర్పడానికి పొయ్యిలో నీళ్లు చల్లడం వల్ల కూడా మట్టి బీటలు వారుతుంది. కట్టెలు వెనక్కి లాగి బూడిదలో గుచ్చితే చాలు, నిప్పు మర్నాటికి కూడా దొరుకుతుంది.

తెల్లవారుజామున పొయ్యి వెలిగించగానే పొగ వెనక్కి కొట్టడం అందరికీ అనుభవమే. గొట్టంలో చల్లగాలి గడ్డకట్టినట్లు నిలిచి ఉండటమే కారణం. వెనక కన్నంలో పిడికెడు ఎండుగడ్డి వేసి ముందు దాన్ని ముట్టించాలి. గొట్టం వెచ్చబడగానే దారి పడుతుంది. తర్వాత మొదటి పొయ్యి అంటించుకోవచ్చు. ఈ చిన్న కిటుకు తెలియక ఊదుగొట్టంతో అరగంట సేపు కుస్తీ పడుతున్నారు.

పచ్చి కట్టె పొదుపా?

పచ్చి కట్టె మెల్లగా కాలుతుంది కాబట్టి కట్టె ఆదా అవుతుందని పెద్దవారు కూడా అంటూ ఉంటారు. చూడటానికి నిజమే అనిపిస్తుంది. అప్పుడే నరికిన కట్టె బరువులో సగానికి దగ్గరగా ఉండేది నీరు. ఆ నీరంతా ఆవిరైతే తప్ప కట్టె సరిగా మండదు. ఒక లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి పట్టే వేడితో ఏడు లీటర్ల చన్నీళ్లను తెర్లకాచవచ్చు. అంటే పచ్చి కట్టె పెట్టిన ఇల్లాలు అన్నం ఉడకడానికి ముందు కట్టెను ఉడకబెడుతున్నదన్న మాట. పైగా సగం కాలిన కట్టె నుంచే పొగ ఎక్కువ, గొట్టంలో జిగురు మసి ఎక్కువ.

ఎండిన కట్టెను గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. కొసలకు నెర్రెలు కనిపించాలి. తుమ్మ, సర్కారు తుమ్మ వంటి గట్టి కట్టెను బొటనవేలు లావుకు, మహా అయితే రెండు వేళ్ల లావుకు చీల్చి రెండు మూడు కట్టెలే పెట్టాలి. కట్టెలు ఎక్కువ కుక్కితే మంట పెద్దదై వంట త్వరగా అవుతుందన్నది కూడా పొరపాటే. మంటకు కట్టె ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. గాలి చొరనంతగా కుక్కితే మంట మూతి నుంచి బయటికి నాలుక చాస్తుంది, కుండకు అందదు. పత్తి కట్టె, కంది కట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతాయి. వాటిని కొద్దికొద్దిగా జరుపుతూ ఉండవలసిందే. కాబట్టి పొయ్యి దగ్గర మనిషి ఉండాలి. పత్తి కట్టె నింపి నీళ్లకు పోయివచ్చే అలవాటు ఉన్నచోట ఏ పొయ్యీ పొగ మానదు.

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో నూటికి పది, పదిహేను పాళ్లే కుండకు అందుతాయి. సరిగా వాడిన మెరుగైన పొయ్యిలో అది ఇరవై దాటుతుంది. అడవికి పోయి మోపు నెత్తిన పెట్టుకొని వచ్చే ఆడమనిషికి ఈ తేడా ఎంతో, మోసిన తలకే తెలుస్తుంది.

పొగ మంచిదే అనే మాట

పొగ పడితే కప్పుకు చెద పట్టదని, దూలానికి కట్టిన విత్తనపు మక్క కంకులకు పురుగు పట్టదని పాతకాలం వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. వెదురుకూ గడ్డికీ పొగ రక్షణే. గొట్టం పెట్టిన తర్వాత కప్పుకు పురుగు వచ్చిందన్న వారూ ఉన్నారు. కంకులకు వారానికి ఒకపూట వేపాకు పొగ వేసి అందరూ బయటికి వచ్చి కూర్చుంటే సరిపోతుంది. కప్పు కోసం దినం రెండు పూటలా కోడలి ఊపిరితిత్తులు ఎండబెట్టనవసరం లేదు.

ఇటీవలి కాలంలో ఇనుప పొయ్యిలు కూడా పల్లెలకు వచ్చాయి. ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోవచ్చు, పొగ కూడా తక్కువే. వీటికి గొట్టం ఉండదు. అయినా ‘పొగరాని పొయ్యి’ అన్న పేరు నమ్మి తలుపులు మూసిన అర్రలో వాడుతున్నారు. వాటి చోటు వసారా, లేదా కిటికీ తెరిచిన వంటిల్లు. కట్టె పెట్టే అరలో ఒక రేకు పలక ఉంటుంది. కట్టె దాని పైన, గాలి దాని కింద. పలక తీసివేసి కింద కూడా కట్టెలు నింపితే అది మామూలు పొయ్యే.

అన్నింటికంటే ప్రమాదకరమైన నమ్మకం మరొకటి ఉంది. పొగ కనిపించకపోతే విషం లేనట్లేనని అనుకోవడం. ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో పురిటి అర్రలో కుంపటి పెట్టి తలుపులు బిగించడం అందుకే ప్రాణాంతకం. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, నిద్ర ముంచుకురావడం దాని గుర్తులు. వెంటనే బయటి గాలికి తీసుకురావాలి, ఆస్పత్రికి చేర్చాలి.

ఈ విషయాలు చెప్పేవారు లేకపోతే ఏమవుతుందో ఒడిశాలో తేలింది. అక్కడ రమారమి 2,600 కుటుంబాలను నోబెల్ బహుమతి గ్రహీత ఎస్తేర్ డఫ్లో, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు నాలుగేళ్ల పాటు పరిశీలించారు. గొట్టం ఉన్న పొయ్యిలు వచ్చిన మొదటి సంవత్సరం వండేవారు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తగ్గుదల మాయమైంది. పొయ్యిని విడవకుండా వాడకపోవడం, గొట్టం దులపకపోవడం, పగిలిన చోట మెత్తకపోవడం కారణాలని వారు 2012లో వెల్లడించారు. కట్టె కూడా ఆదా కాలేదు.

మట్టి పొయ్యికి మెత్తడం, అలకడం మన ఆడవారికి ఎవరూ నేర్పనవసరం లేదు. కొలత ఒక్కటే తెలియాలి. పొయ్యి కొత్తగా ఉన్నప్పుడే మూతి వెడల్పు, ఎత్తు, వెనక దిమ్మె ఎత్తు ఒక పుల్లకు గంట్లు పెట్టి గోడకు చెక్కి ఉంచుకుంటే ఎప్పుడు మెత్తినా అదే కొలతకు తేవచ్చు. ఇక కట్టె సంగతికి వస్తే, పత్తి కట్టె పీకేది ఎండలకు ముందే. దాన్ని చేను గట్టునే వదిలేస్తే మొదటి వానకే నానిపోతుంది. మృగశిర కార్తె లోపల ఇంటికి చేర్చి, నేలకు తగలకుండా రెండు మొద్దుల మీద, చూరు కింద పేర్చుకోవాలి. నాట్లు మొదలయ్యాక ఆ పనికి ఇంట్లో ఎవరికీ తీరిక దొరకదు.